చివరి పేరు దాకా

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వండని కమిటీ వాళ్లు అడిగితే, కంప్యూటర్ కోర్సులు చదువుతున్న మేము నలుగురం ఒక రాత్రంతా కూర్చుని ఆలోచించాం. కవితలు రాసేవాళ్లు మన హాస్టల్‌లో చాలామందే ఉన్నారు. కథలు రాసేవాళ్లూ ఉన్నారు. మాకు తెలిసింది కొంచెం ప్రోగ్రామింగ్. అదీ పూర్తిగా వచ్చిందని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పలేం. అయినా ఒక్క విషయంలో మాత్రం మాకు గట్టి అభిప్రాయం ఉంది. దాన్ని మీ ముందు పెడుతున్నాం. నచ్చకపోతే మెస్‌లో నిలదీయండి, జవాబు చెప్పుకుంటాం.

ఒక జాబితాలో ఉన్న ప్రతి ఒక్కదానికీ ఒకే సూత్రాన్ని వర్తింపజేసి, ఆ ఫలితాలతో కొత్త జాబితా తయారు చేయడాన్ని ప్రోగ్రామింగ్‌లో 'మ్యాప్' అంటారు. గోడ మీద వేలాడే దేశపటం కాదు ఇది. ఒక చేత్తో జాబితా ఇస్తాం, ఇంకో చేత్తో సూత్రం, అంటే ఫంక్షన్ ఇస్తాం. జాబితాలో మొదటి దాని నుంచి చివరి దాని దాకా ఒక్కటీ వదలకుండా ఆ సూత్రం పని చేస్తుంది. ప్రోగ్రామింగ్ మొదలుపెట్టే మనలాంటి విద్యార్థులకు ఇది మొట్టమొదటి వారంలోనే నేర్పాలి. కానీ ఇప్పుడు జరుగుతున్నదేమిటి? రెండో ఏడో, మూడో ఏడో నేర్పుతున్నారు. కొందరికి అసలు నేర్పడమే లేదు. ఇది మార్చుకోవాలన్నదే మా వాదన. ఎందుకో చెప్పాలంటే ముందు మేము చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి.

ఒక ఆదివారం చికెన్ కూరకు స్లిప్పులు ఇవ్వాలని మెస్ కమిటీ అనుకుంది. కొందరు రెండుసార్లు వడ్డించుకుంటున్నారని, వెనక వచ్చినవాళ్లకు పులుసే మిగులుతోందని గొడవ. "ఎందుకన్నా చేత్తో రాయడం, మేము ప్రోగ్రాం రాసి ప్రింట్ తీసిస్తాం" అన్నాం. రిజిస్టర్ చూసి 84 పేర్లు టైప్ చేశాం. సీ భాషలో లూప్ రాశాం. పేరు, గది నంబరు, తేదీతో స్లిప్పులు వచ్చాయి. మా అంతవాళ్లు లేరనుకున్నాం. ఎన్ని వచ్చాయో మాత్రం ఎవరం లెక్కపెట్టలేదు.

వచ్చినవి 83.

సీ భాషలో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. 84 పేర్లుంటే చివరి పేరు నంబరు 83. ఆ 83 'దాకా' వెళ్లమని రాయాల్సింది, 83 కంటే 'తక్కువ' ఉన్నంతవరకే వెళ్లమని రాశాం. ఒక్క గుర్తు తేడా. రిజిస్టర్‌లో చివరి పేరు ఒక తమ్ముడిది. రెండో విడత కౌన్సెలింగ్‌లో సీటు వచ్చి ఆలస్యంగా చేరాడు కాబట్టి చివర ఉన్నాడు. ఆ ఆదివారం ప్లేటు పట్టుకుని వరుసలో వచ్చాడు. "స్లిప్ ఏది తమ్మీ?" అని వడ్డించేవాళ్లు అడిగారు. లేదన్నాడు. సాంబారు పోయించుకుని వెళ్లి కూర్చున్నాడు. రాత్రి వాళ్ల గదిలో అన్న చెప్పేదాకా మాకు తెలియదు.

పరుగెత్తుకుంటూ వెళ్లి "అప్పుడే అడగొచ్చు కదరా" అన్నాం. అతనన్న మాట ఇది: "లేటుగా చేరినోళ్లకు ఉండదేమో అనుకున్న అన్నా."

మిత్రులారా, కూర పోతే పోయింది, వచ్చే ఆదివారం మళ్లీ వండుతారు. కానీ ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. జాబితాలో పేరు లేకపోతే జాబితా తప్పేమోనని మనకు తోచదు. మనకే అర్హత లేదేమోనని తోస్తుంది. ఎన్ని కౌంటర్ల దగ్గర, ఎన్ని నోటీసు బోర్డుల దగ్గర మనలో ఎంతమంది ఇలాగే తల దించుకుని వెనక్కి తిరిగి ఉంటారు? అక్కడ కూడా ఎవరో మాలాగే ఒక గుర్తు తప్పు రాసి ఉండొచ్చు కదా!

అసలు లూప్‌తో వచ్చిన చిక్కేమిటి? లూప్ రాసేవాడు మూడు సంగతులు తనే చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి, ఎంతెంత ముందుకు జరగాలి. ఈ మూడింటికీ, చేయాల్సిన పనికీ సంబంధం లేదు. మా పని ఏమిటి? పేరు ఇస్తే స్లిప్ కావాలి, అంతే. మ్యాప్‌లో ఆ పని ఒక్కటే చెప్తాం. ఎక్కడ ఆగాలో మనం చెప్పం కాబట్టి, అక్కడ తప్పు చెప్పే అవకాశమే లేదు. 84 పేర్లు లోపలికి వెళ్తే 84 స్లిప్పులే బయటికి వస్తాయి. అదే వరుసలో వస్తాయి. పాత జాబితా చెక్కుచెదరకుండా పక్కనే ఉంటుంది, సరిచూసుకోవచ్చు.

ఇది కొత్తగా పుట్టిన సంగతి కాదు. అమెరికాలోని ఎంఐటీలో జాన్ మెకార్తీ 1958లో లిస్ప్ భాష పని మొదలుపెట్టాడు. 1960లో ఆయన అచ్చు వేసిన వ్యాసంలోనే 'మ్యాప్‌లిస్ట్' అనే ఫంక్షన్ ఉంది. ఒక ఫంక్షన్‌ను ఇంకో ఫంక్షన్ చేతికి అందించవచ్చన్న ఆలోచన అక్కడ కనిపిస్తుంది. తర్వాత పైథాన్‌లోకి, జావాస్క్రిప్ట్‌లోకి వచ్చింది. 2014లో వచ్చిన జావా 8లో కూడా చేరింది. మన సిలబస్ మాత్రం సీతో మొదలవుతుంది. సీలో మ్యాప్ తయారుగా దొరకదు. అందుకని మన బుర్రలకు లూపే మొదటి అలవాటు అవుతుంది. సీ మంచిది కాదని మేము అనడం లేదు. మొదటి అలవాటు గురించి మాత్రమే అంటున్నాం.

"ఇంగ్లీషులోనే అర్థం కాని పాఠం మాకెలా ఎక్కుతుందన్నా?" అని జూనియర్లు అడుగుతారు. తమ్ముళ్లూ, ఇది ఇంగ్లీషు పాఠమే కాదు. మన అమ్మలు మాట్లాడే తెలుగులోనే ఇది ఉంది. ఇంటింటికీ, ఊరూరా, ఒక్కొక్కరికి, తలా ఒకటి, మనిషికి రెండు చొప్పున... ఇవన్నీ ఏమిటి? మ్యాప్ కాక ఇంకేమిటి? మెస్‌లో "అందరికీ రెండు గుడ్లు పెట్టు" అంటే అందరికీ కలిపి రెండే అని ఎవరైనా తుంటరి వాదించవచ్చు. "అందరికీ రెండేసి గుడ్లు పెట్టు" అంటే ఇక వాదన లేదు. ఆ 'ఏసి' అనే చిన్న ముక్క ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి ఆగుతుంది. బడికి పోని మన తాతలు కూడా పంపకం దగ్గర ఆ ముక్క మరిచిపోలేదు. మ్యాప్ అంటే ఆ 'ఏసి'. ఇంతే చెప్పి మొదలుపెడితే ఎవరికి అర్థం కాదు?

ఇంకా నమ్మకం లేకపోతే మన కడుపుకు సంబంధించిన ఉదాహరణే తీసుకుందాం. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్ల డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. అంతకుముందు నెలకు 3 నుంచి 7వ తరగతి వాళ్లకు 950, 8 నుంచి 10 వాళ్లకు 1,100, ఇంటర్ నుంచి పీజీ దాకా 1,500 రూపాయలు ఉండేవి. ఇదొక జాబితా. సూత్రం ఏమిటి? 1.4తో గుణించు. ఫలితం 1,330, 1,540, 2,100. ప్రభుత్వం ప్రకటించిన అంకెలు సరిగ్గా ఇవే. అంటే ఆ పెంపు ఒక మ్యాప్. ఇప్పుడు రోజుకు ఎంత పడుతుందో కావాలంటే ఇంకో సూత్రం వేయండి, 30తో భాగించు. మనకు రోజుకు 70 రూపాయలు. 31 రోజుల నెలలో 67 రూపాయల 74 పైసలు. రెండు మ్యాప్‌లు ఒకదాని తర్వాత ఒకటి వేసినా, "1.4తో గుణించి 30తో భాగించు" అని రెండు సూత్రాలను ఒకటిగా కలిపి ఒక్కసారే వేసినా ఫలితం మారదు. పెద్ద పుస్తకాల్లో ఫంక్షన్ల సంయోగం అని భయపెట్టే పాఠం ఇదే. మన మూడు పూటల తిండి లెక్కలో దాక్కుని ఉంది!

అదే సమయంలో కాస్మెటిక్ చార్జీలు కూడా పెరిగాయి. సబ్బు, నూనె, పేస్టుల డబ్బు. అమ్మాయిలకు 7వ తరగతి దాకా 55 నుంచి 175కు, 8 నుంచి 10కి 75 నుంచి 275కు పెంచారు. అబ్బాయిలకు 7 దాకా 62 నుంచి 150కు, 8 నుంచి 10కి అదే 62 నుంచి 200కు పెంచారు. దీనికి సూత్రం రాయండి చూద్దాం! ఒకే 62 ఒకచోట 150 అయింది, ఇంకోచోట 200 అయింది. కాబట్టి పాత మొత్తం ఒక్కటే ఇస్తే ఏ ఫంక్షన్ కూడా ఈ జవాబు చెప్పలేదు. తరగతి కూడా ఇవ్వాలి. ఇక్కడ ఒక పెద్ద సంగతి ఉంది. "అందరికీ ఒకే సూత్రం" అంటే "అందరికీ ఒకే మొత్తం" అని కాదు. సూత్రం ఒకటే ఉండాలి, కానీ ఆ సూత్రానికి మనిషి సంగతులు అన్నీ కనపడాలి. కనపడాల్సింది దాచిపెట్టి సమానంగా చూశాం అనడం సరికాదు. ఎవరో ఒకరిని చూసి సూత్రాన్నే మార్చేయడం అంతకంటే సరికాదు.

ఈ మాట మన పక్క వీధిలో రోజూ నలుగుతూనే ఉంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే వెళ్లాలి. అక్కడి నుంచి అశోక్‌నగర్ గల్లీల్లోకి వెళ్తే ప్రతి గోడ మీదా గ్రూప్-1, గ్రూప్-2, డీఎస్సీ కోచింగ్ బోర్డులే. చాయ్ బండి దగ్గర నిలబడితే వినిపించే మాటల్లో ఒకటి 'నార్మలైజేషన్'. పరీక్ష అనేక పూటలు జరిగితే ఒక పూట పేపరు తేలిక, ఒక పూట కష్టం. మరి మార్కులను ఎలా పోల్చాలి? 2018లో తెలంగాణ ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్, కంప్యూటర్ మీదికి మారింది. దాని సూత్రం ఇలా ఉంటుంది. ఒక పూట రాసినవాళ్ల సగటుకు ప్రామాణిక విచలనం కలిపి ఒక గీటు గీస్తారు. ఆ పూట పైనున్న 0.1 శాతం మంది సగటు ఇంకో గీటు. అన్ని పూటలూ కలిపి ఇలాంటివే ఇంకో రెండు గీట్లు. పూట గీట్లు మొత్తం గీట్లతో కలిసేలా ఆ పూట మార్కులన్నిటినీ సాగదీస్తారు, లేదా కుదిస్తారు.

ఇదీ మ్యాపే. ప్రతి పూటకూ ఆ పూట అంకెలు జేబులో పెట్టుకున్న ఒక ఫంక్షన్ తయారవుతుంది. ఆ పూట రాసిన ప్రతి ఒక్కరి మార్కుకూ అది వర్తిస్తుంది. గుణించడం, కూడడం తప్ప అందులో ఇంకేమీ లేదు కాబట్టి ఒకే పూట రాసిన ఇద్దరిలో ముందున్నవాళ్లు ముందే ఉంటారు, వెనకున్నవాళ్లు వెనకే ఉంటారు. వేరువేరు పూటల వాళ్ల మధ్యే తారుమారు అవుతుంది. ఈ సంగతి తెలిసిన విద్యార్థి "నా మార్కులు తగ్గించేశారు" అని ఊరికే కుమిలిపోడు. "మా పూట సగటు ఎంత, విచలనం ఎంత, చూపించండి" అని అడుగుతాడు. కుమిలిపోవడానికీ అడగడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆలోచించండి.

మ్యాప్ పక్కనే 'ఫిల్టర్' అని ఇంకొకటి ఉంటుంది. అది జల్లెడ. నిబంధనకు సరిపోయినవి ఉంచి మిగతావి వదిలేస్తుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్‌లో పోస్టులు 563. రాసేవాళ్లు ఎంతమంది ఉన్నా చివరికి మిగిలేది అన్నే. జల్లెడ తప్పని మేము అనం. ఉన్న పోస్టులు అన్నే అయితే ఎవరైనా ఏం చేస్తారు? కానీ మన చుట్టూ ఇన్ని జల్లెడలు ఉన్నప్పుడు, కనీసం మన హాస్టల్ మ్యాప్‌లాగా ఉండాలి కదా. మెస్‌లో, లైబ్రరీ పుస్తకాల్లో, సాయంత్రం కంప్యూటర్ దగ్గర కూర్చునే వంతుల్లో ఎంతమంది లోపలికి వచ్చారో అంతమందికీ అందాలి. జల్లెడ పట్టాల్సిన చోట మ్యాప్ వేయకూడదు, మ్యాప్ వేయాల్సిన చోట జల్లెడ పట్టకూడదు. మా లూప్ చేసిన నేరం ఇదే. మ్యాప్ అనుకుని రాశాం, తెలియకుండా జల్లెడ అయింది.

పెద్ద పనుల్లో కూడా ఇదే కిటుకు ఉంది. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. జనం సొంత ఊళ్లకు వెళ్లిపోతే హైదరాబాద్ రోడ్లు బోసిపోయాయి. ఒక్క రోజులో రాష్ట్రమంతా ఎలా సాధ్యం? ఒక ఇంటి ఫారం నింపడానికి పక్కింటి ఫారంతో పని లేదు కాబట్టి. ఎవరి ఇళ్లు వాళ్లకు పంచేస్తే అందరూ ఒకేసారి పని చేయవచ్చు. గూగుల్‌లో జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ 2004లో 'మ్యాప్‌రెడ్యూస్' అని రాసిన వ్యాసం కూడా ఈ సంగతి మీదే నిలబడింది. ప్రతి ముక్క మీదా పని విడివిడిగా చేయగలిగితే దాన్ని వేల కంప్యూటర్లకు పంచవచ్చు, ఆఖర్న ఫలితాలు కలుపుకోవచ్చు. మన మెస్‌లో పదిమంది కూర్చుని తలా కొన్ని ఉల్లిపాయలు తరగడం కూడా ఇదే లెక్క.

మాకు ఎదురు చెప్పేవాళ్లూ ఉన్నారు. "మ్యాప్ లోపల ఉన్నదీ లూపే కదా" అంటారు. నిజమే. కానీ ఆ లూప్‌ను ఒక్కసారి సరిగ్గా రాసి, పరీక్షించి పెట్టారు. మనం రోజూ కొత్తగా రాసి రోజూ కొత్తగా తప్పడం ఎందుకు? "ఇంటర్వ్యూల్లో లూపులే అడుగుతారు" అంటారు. అదీ నిజమే, లూప్ కూడా నేర్చుకోవాల్సిందే. నిన్నటి నిల్వకు ఇవాళ్టి ఖర్చు తీసేసి రేపటి నిల్వ రాసే మెస్ ఖాతాకు మ్యాప్ ఒక్కటే సరిపోదు. అక్కడ ఒక వరుస ఇంకో వరుస మీద ఆధారపడుతుంది. మెట్రో రైలు నారాయణగూడలో, చిక్కడపల్లిలో, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఆగి తలుపులు తెరిచి మూసుకుని పోవడం కూడా మ్యాప్ కాదు. ప్రతి స్టేషన్‌లో ఒకే పని జరుగుతుంది గానీ కొత్త జాబితా ఏదీ తయారు కాదు. ఏది ఎక్కడ వాడాలో తెలియడమే చదువు.

మ్యాప్‌కు తన లోపాలూ ఉన్నాయి, దాచిపెట్టం. పైథాన్ మూడో వెర్షన్‌లో మ్యాప్ రాసిన వెంటనే ఏ పనీ జరగదు. ఫలితం కావాలని మనం అడిగినప్పుడే ఒక్కొక్కటిగా కదులుతుంది. ఇది చెప్పినప్పుడు మా గదిలో ఒకడు "అంటే జీవో వచ్చింది, డబ్బులు రాలేదు, అంతేనా అన్నా?" అన్నాడు. అంతకంటే బాగా ఏ లెక్చరర్ చెప్తాడు? ఇంకొకటి. జాబితాలో ఒకచోట మార్కు బదులు 'గైర్హాజరు' అని ఉంటే సూత్రం అక్కడే బోల్తా పడి, ఆ వెనకున్న వాళ్లందరి పనీ ఆగిపోతుంది. ఒక్కరి ఫారంలో ఖాతా నంబరు తప్పయితే వరుసంతా ఆగిపోవడం మనకు తెలియనిదా? అందుకని సూత్రం రాసేటప్పుడే ఆలోచించాలి. సరిపోని చోట 'చూడాలి' అని రాసి ముందుకు వెళ్లాలి. ఆ గడి ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, కానీ ఆ గడి ఉండాలి. మనిషి పేరు వరుసలోంచి మాయం కాకూడదు.

అందుకని మేము చెప్పేది ఇది. ఈ ఏడాది నుంచి రాత్రి స్టడీ అవర్ తర్వాత కామన్ హాల్‌లో జూనియర్లకు మేము పాఠం చెప్తాం, తెలుగులో చెప్తాం. ఉదాహరణలు మన మెస్ రిజిస్టర్ నుంచి తీసుకుంటాం. మొదటి పాఠం మ్యాప్, రెండోది ఫిల్టర్, మూడోది లూప్. కంప్యూటర్ లేకపోయినా కాగితం మీద చేయవచ్చు. ఎడమ పక్క 84 పేర్లు, కుడి పక్క 84 ఫలితాలు. ఇక హాస్టల్‌లో ఎవరు ఏ జాబితా తయారు చేసినా, గోడ మీద అంటించే ముందు రెండు పక్కలా లెక్కపెట్టాలి. రెండు అంకెలు కలవకపోతే అంటించకూడదు.

జూనియర్ తమ్ముళ్లకు ఇంకొక్క మాట. ఏ జాబితాలోనైనా మీ పేరు కనపడకపోతే వెనక్కి వెళ్లిపోవద్దు. "ఎంతమంది పేర్లు ఇచ్చారు, ఎంతమందివి వచ్చాయి?" అని అడగండి. మమ్మల్ని కూడా అడగండి.

ఆ తర్వాతి ఆదివారం స్లిప్పులు మళ్లీ మేమే తీశాం. ఈసారి లెక్కపెట్టింది మేము కాదు, ఆ తమ్ముడే. 84 వచ్చాయి. "సరిపోయినయ్ అన్నా" అని తన స్లిప్ తీసుకుని వెళ్లి వరుసలో నిలబడ్డాడు.